మోగని ఈల

మొన్న కళ్ళద్దాల కోసం ఆసుపత్రికి వెళ్ళి, నా వంతు వచ్చేదాకా బల్ల మీద కూర్చున్నాను. పక్కన ఒక పాతికేళ్ళ యువకుడు. కుడిచేతి వేళ్ళతో తన ఎడమ మణికట్టు తానే పట్టుకుని, పెదాలు కదుపుతూ, గోడగడియారం వంక చూస్తున్నాడు. నాడి లెక్కపెట్టుకుంటున్నాడన్నమాట. లెక్క నచ్చలేదు కాబోలు, మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాడు. ఆ పట్టు నాకు తెలుసు. అచ్చంగా అలా పట్టుకునే మనిషి పోయి చాలా ఏళ్ళయింది. లోపలికి నన్ను పిలిచారో లేదో కూడా వినిపించుకోకుండా ఆయన్నే తలుచుకుంటూ కూర్చుండిపోయాను.

ఆయన మా బావ. అక్క మొగుడు. గూడ్సుబండి గార్డు. అరవైల చివర్లో, కొత్తవలస నుంచి కొండల్లోకి ఇనపరాయి కోసం కొత్తగా లైను పడిన రోజుల్లో, ఆ లైను మీద పనిచేసేవాడు.

కుదురు అన్నది ఆయన ఒంట్లో లేదు. కుర్చీ వేస్తే అంచున కూర్చునేవాడు, అదీ గుమ్మం దగ్గర వేస్తేనే. సినిమాకి వెళితే తలుపు పక్క సీటు. భోజనాల్లో వరస చివరి విస్తరి. బస్సులో ఎంత చోటున్నా మెట్టు దగ్గరే వేలాడేవాడు. "ఏటి బావా, కూకోవేటి?" అంటే "కూకుంటే నడుం పట్టీస్తన్నాదిరా" అనేవాడు. ఆ నడుముకి ఏ రోగమూ లేదు. బియ్యం బస్తా ఒక్కడే ఎత్తి అటక మీద పెట్టగా నేను చూశాను.

ఇంకో వింత. మంచి మాటకారి. ఎవరినైనా ఆటపట్టించాడంటే ఆ మనిషి నాలుగు రోజులు వీధిలోకి రావడానికి జంకేవాడు. ఒకరి పెళ్ళిలో పురోహితుడి గొడుగు దాచేసి, ఎండ ముదిరాక దాన్ని ఆయనకే అమ్మజూపాడు. అలాంటివాడు మంచి రసపట్టులో కథ చెబుతూ చెబుతూ ఠక్కున ఆగిపోయేవాడు. లోపల్నించి ఎవరో పిలిచినట్టు చెవి ఒగ్గేవాడు. చెయ్యి మణికట్టు మీదికి వెళ్ళేది. ఆ తరువాత ఏదో పని గుర్తొచ్చినట్టు వీధిలోకి పోయి, ఆ చివరికీ ఈ చివరికీ తిరిగి, ముఖం తుడుచుకుంటూ వచ్చి "ఒసే, తినడానికేటైనా ఉన్నాదా?" అని అక్కని అడిగేవాడు. చల్దన్నమైనా సరే, బెల్లంముక్కైనా సరే. ఆవురావురుమని తినేవాడు. కథ మటుకు అక్కడే ఆగిపోయేది. అలా ఆగిపోయిన కథలు నా దగ్గర ఇప్పటికీ బోలెడున్నాయి, కొసలు లేకుండా.

ఇది గాలి సోకడమేనని అక్క తేల్చేసింది. తాయెత్తు కట్టించింది. కాదనకుండా కట్టించుకున్నాడు. ఆదివారాలు అరసవల్లి తీసుకువస్తానని మొక్కుకుంది. వచ్చేవాడు. కానీ గుడి వరసలో జనం మధ్య ఇరుక్కోవలసి వచ్చేసరికి మా చెప్పులకి కాపలా అని బయటే ఉండిపోయేవాడు. అక్క కళ్ళెర్రజేస్తే, "సూర్నారాయుడు గదే! ఈదిలోంచి కూడా బాగా అగుపిస్తన్నాడు" అని పైకి చూసి దండం పెట్టేవాడు. నవ్వకుండా ఉండడం మా అక్క తరం అయ్యేది కాదు. అలా నవ్వించే ఆయన చాలా కాలం నెట్టుకొచ్చాడు.

అసలు సంగతి నాకు తెలిసింది నా పరీక్షల పుణ్యమా అని.

నేను విజయనగరంలో బీయే చదువుతున్నాను. మొదటి పరీక్ష రోజున హాల్లో కూర్చున్నాను. ప్రశ్నపత్రం ఇంకా చేతికి రాలేదు. నాలిక పిడచకట్టుకుపోయింది. చెవుల్లో హోరు. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది. ఎంత గాలి పీల్చినా చాలడంలేదు. ఇంకా పీల్చాను. వేళ్ళు తిమ్మిరెక్కి, కలం పట్టు తప్పింది. ఇక ఇక్కడే, ఈ బల్ల మీదే ప్రాణం పోతుందని ఖాయంగా అనిపించింది. లేచి బయటికి పరుగెత్తాను. మేష్టారు వెనక నుంచి ఏదో అరిచారు. ఆగలేదు. స్టేషనుకి పోయి దొరికిన పాసింజరెక్కి కొత్తవలసలో దిగాను. ఇంటికి వెళ్ళి అమ్మకి చెప్పే ధైర్యం లేదు.

బావ డ్యూటీ దిగి ఇంట్లోనే ఉన్నాడు. అక్క సంతకి వెళ్ళింది. నా ముఖం చూస్తూనే ఎగతాళికి నోరు తెరిచినవాడు మళ్ళీ మూసుకున్నాడు.

"ఏళ్ళు తిమ్మిరెక్కినాయా?" అన్నాడు.

"ఎక్కీసినాయి."

"మూతి సుట్టూరా కూడానా?"

"అవును బావా. నీకెలగ తెలుసు?"

ఆయన లేచి వెళ్ళి వీధితలుపు వేశాడు. ఆ ఇంట్లో బావ తలుపు వేయడం నేను చూసింది అదే మొదలు. నేలమీద నా ఎదురుగా కూలబడ్డాడు.

"ఈ కొండలైను మీదకి ఏసినకాడ్నించీ నాకిదేరా బతుకు. బండికి ఎనకాతల బ్రేకువేను. దాన్లోన నానొక్కడ్నే. మొదటి సొరంగంలోకి ఎల్లగానే గుండి దడదడలాడిపోయినాది. ఊపిరాడనేదు. సచ్చిపోతన్నాననుకున్నాను. సొరంగం అయిపోయినాది, నాను సావనేదు. అమ్మయ్య అనుకున్నాను. అంతలోకి ఇంకో సొరంగం."

నాకు ఆ బాధలోనూ నవ్వొచ్చింది. ఆయనా నవ్వాడు. వెంటనే చెయ్యి మణికట్టు మీదికి పోయింది.

"కొన్నాళ్ళకి సొరంగం నేకపోయినా రావడం మొదలెట్టీసినాది. సంతలోన, సినిమాలోన, మీ అక్క పక్కన పడుకున్నా సరే. ఇది గుండిజబ్బే, మరి నాను ఎక్కువ రోజులుండననుకున్నాను."

మిషన్ ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉంటే ఆవిడ దగ్గరికి మారుపేరుతో వెళ్ళాడట. గార్డు కోటు విప్పేసి, బెల్లం వర్తకుణ్ణని చెప్పుకున్నాడట. ఆవిడ గుండె చూసి, వీపు చూసి, మెట్లు ఎక్కించి దింపించి, ఏ లోపమూ లేదంది. ఈయన నమ్మలేదు. అప్పుడావిడ కుర్చీలో కూర్చోబెట్టి, పరుగెత్తే మనిషిలా గబగబా ఊపిరి పీల్చి వదలమందిట. కాసేపటికే వేళ్ళు జివజివలాడాయి, మూతి మొద్దుబారింది, తల దిమ్మెక్కింది.

"ఇదేనా మీకొచ్చేది?"

"ఇదేనమ్మా! వచ్చీసినాది! అచ్చంగా ఇదే!"

"దీన్ని నేను తెప్పించాను. గుండెజబ్బును నేను ఇలా కుర్చీలో తెప్పించగలనా, వర్తకుడుగారూ?"

ఈ మాట చెప్పేటప్పుడు బావ ముఖం చూడాలి. పిల్లాడికి మిఠాయి దొరికినట్టు వెలిగిపోయింది. గాలి చాలక వచ్చే బాధ కాదట, ఎక్కువై వచ్చేదట. భయంతో ఒళ్ళు పరుగుకి సిద్ధమైపోతుంది. మనిషేమో ఒకచోట కూర్చుని ఉంటాడు. ఆ పరుగంతా గుండెలోనూ వేళ్ళలోనూ కొట్టుకుంటుంది. చాలడంలేదని ఇంకా పీలిస్తే ఇంకా ముదురుతుంది. చేయవలసింది పీల్చడం కాదు, మెల్లగా వదలడం. మళ్ళీ మెల్లగా వదలడం.

"మెల్లగా అంటే ఎలగ? ఆ టయానికి మనకి మెల్లగా అన్నది తెలుస్తాదేటి?" అని బావ జేబులోంచి గార్డు ఈల తీశాడు. "ఇదిగో, ఇలగ. పళ్ళమధ్యన ఎట్టుకుని ఊదాల. ఊదాల గాని మోగకూడదు. మోగినాదంటే జోరుగా ఊదీసినావన్నమాట. మోగనంత నెమ్మదిగా, కడుపులో ఉన్నదంతా పోయేదాకా ఊదు."

ఊదాను. తుర్రుమంది. మళ్ళీ ఊదాను. మళ్ళీ తుర్రుమంది. పక్కింటివాళ్ళ కుక్క మొరిగింది. సాయంత్రం అయ్యేసరికి ఈల నోట్లో ఉండగానే, ఏ చప్పుడూ లేకుండా, గాలి సన్నగా పోవడం మొదలెట్టింది. గుండె ఎప్పుడు కుదుటపడిందో నేను గమనించలేదు. ఆకలి వేసింది. బావ అడిగే చల్దన్నం వెనక ఉన్న రహస్యం అప్పుడు తెలిసింది.

"ఆ దడ వస్తే పొమ్మనకు. గుమ్మంలోన నిలబెట్టి తగువాడితే ఈదంతా ఇంటాది. సుట్టపోడొచ్చినాడనుకుని మంచం ఏసీ. కాసేపు కూకుని ఆడే పోతాడు. నాను ఇదివరకు కర్ర పట్టుకుని ఎంటబడేవోణ్ణి. ఆడు ఇంట్లోనే కాపరం ఎట్టీసినాడు" అన్నాడు.

అలా చెప్పి ఒట్టు వేయించుకున్నాడు. ఎవరికీ చెప్పకూడదు, అక్కకి అసలే చెప్పకూడదు. గుండెదడ ఉందని రైల్వేలో పొక్కితే లైను మీద పనికి తగడని రాసేస్తారట. బావ తండ్రి పట్టాల మీద సుత్తి పట్టుకు నడిచిన గేంగుమేను. ఆయన కొడుకు ఆ పట్టాల మీదే గార్డు కోటు వేసుకుని పోతుంటే, ఆ ముసలాయన ఎక్కడున్నా ఆగి నిలబడి చూసేవాడట. ఆ కోటు విప్పవలసి వస్తే తనేమవుతాడో బావకి ఊహకైనా అందేది కాదు. డ్యూటీ మటుకు ఏనాడూ తప్పలేదు. సొరంగంలో వణుకుతూనే దీపం చూసుకునేవాడు, వణుకుతూనే బ్రేకు చూసుకునేవాడు. కాఫీ మానేశాడు. ఖాళీ కడుపుతో బండెక్కేవాడు కాదు. చుట్టం రావడం మానలేదు గాని ఎక్కువసేపు కూర్చోవడం మానేశాడు.

నేను సెప్టెంబరులో పరీక్ష మళ్ళీ రాసి గట్టెక్కాను. తరువాతి ఏడాది నా పెళ్ళి కుదిరింది.

ఆడపెళ్ళివారిది శ్రీకూర్మం దగ్గర పల్లె. వరిపొలాలున్న కుటుంబం. పెళ్ళికూతురి పెదనాన్న అక్కడ పెద్దమనిషి. మీసం చూస్తేనే ఎదుటివాళ్ళు చేతులు కట్టుకునేవారు. పగటి ముహూర్తం. కొబ్బరాకుల పందిరి కింద జనం కిక్కిరిసి ఉన్నారు. హోమం పొగ పైకి పోయే దారి లేక మా మీదే తిరుగుతోంది. మా నాన్న లేడు గనక పెద్దల స్థానంలో అక్కా బావా పీటల పక్కన, అన్నిటికీ నడిమధ్యన కూర్చోవలసి వచ్చింది. గుమ్మం లేదు, అంచు లేదు. పైపెచ్చు ఎదుట కుర్చీలో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగారు. కొత్తవలస నుంచి బావ పిలిస్తే వచ్చిన రైల్వేవాళ్ళలో ఆయనొకరు. గార్డుల మంచీ చెడ్డా ఆయన చేతిలోనే.

జీలకర్రా బెల్లం అయింది. మంగళసూత్రం పళ్ళెం పెద్దలందరి చేతులూ తిరిగి నా ముందుకి వచ్చింది. సూత్రం చేతిలోకి తీసుకుని పురోహితుడు సరేననేదాకా ఆగాను. ఓరగా బావని చూశాను. ఉత్తరీయం కొస నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. దాని వెనక ఈల ఉందని పందిట్లో నాకొక్కడికే తెలుసు.

అప్పుడే వెనక నుంచి ఎవరిదో బిడ్డ దబ్బున ఆయన వీపు మీద పడింది.

తుర్‌ర్‌ర్ మంది ఈల. ఏ స్టేషనులోనూ అంత గట్టిగా మోగి ఉండదు.

శుభకార్యంలో తుమ్మో, ఏడుపో, కానిచప్పుడు ఏదైనా వినిపిస్తే అది చెవుల్లో నిలవకుండా మేళం జోరుగా వాయించి కప్పేయడం మాకు అలవాటు. పెదనాన్న ఆ అలవాటుకొద్దీ "గట్టిమేళం! గట్టిమేళం!" అని చెయ్యి ఊపి అరిచాడు. డోలూ సన్నాయీ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. కానీ గట్టిమేళం అంటే తాళి కట్టమని గుర్తు కూడా కదా. నేనసలే మంచి కంగారులో ఉన్నాను. లేచి గబగబా ఒక ముడి వేసేశాను. రెండోది కూడా వేసేశాను. పురోహితుడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగు నాయనా! మంత్రమింకా అవలేదు, ముహూర్తమింకా రాలేదు!"

మేళం ఆగిపోయింది. పందిట్లో అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"ఎవుడ్రా ఈల ఊదినోడు?" అన్నాడు పెదనాన్న.

ఎవరో చెప్పనక్కరలేకపోయింది. బావ చేతిలో అది మెరుస్తోంది. పురోహితుడి గొడుగు కథ ఆ ఊరిదాకా పాకినట్టుంది. "ఆయనే! పెళ్ళిళ్ళలోన ఎటకారాలు సేత్తాడని ముందే ఇన్నాను" అని ఆడపెళ్ళివారిలో ఒకాయన అందుకున్నాడు.

"మగపెళ్ళోరికి మా పిల్ల పెళ్ళి తమాషాగా ఉన్నాదేటి? ఇలగ అవమానం సేసినోళ్ళింటికి పిల్లనెలగ పంపుతాను? లేవే అమ్మా!" అన్నాడు పెదనాన్న.

పెళ్ళికూతురు లేవలేదు, తలెత్తలేదు. మెడలో రెండు ముళ్ళ తాళి. బావ నన్ను చూశాడు. తరువాత ఇన్‌స్పెక్టరుగారిని చూశాడు. చాలాసేపు చూశాడు. నిజం చెబితే కోటు పోతుంది. చెప్పకపోతే నా పెళ్ళి పోతుంది. ఆ పందిట్లో ఆయన కష్టం ఎంతటిదో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

బావ లేచి నిలబడ్డాడు.

"నానే ఊదినాను. తమాషాకి కాదు బాబూ. నాకు గుండిదడ వస్తాది. జనంలో కూకుంటే వస్తాది, సొరంగంలోన వస్తాది. జబ్బు కాదు, డాక్టరమ్మ సూసినాది. బయ్యం. ఉత్త బయ్యం. అది ఒంట్లోకి దిగితే ఇలగుంటాది, సూడండి." రెండు చేతులూ అందరి ముందుకీ చాపాడు. గాలికి కొబ్బరాకులా వణుకుతున్నాయి. "ఊపిరి మెల్లగా ఒదలడానికని ఈల నోట్లో ఎట్టుకుంటాను. ఇయ్యాల గుంటడు మీద పడీసరికి మోగీసినాది. తప్పేటైనా ఉంటే నాది. ఆడి పెళ్ళి ఆపకండి."

అక్క నోరు తెరుచుకుని చూస్తోంది. "నాతో సెప్పనేదేటయ్యా" అని మటుకు అనగలిగింది. ఆ గొంతులో కోపమెంతో ఏడుపెంతో విడదీయలేను. ఇన్‌స్పెక్టరుగారు అద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. పెదనాన్న మీసం మీద చెయ్యి వేసి, బావ చేతులకేసే చూస్తున్నాడు.

అప్పుడు, తలెత్తకుండానే, పెళ్ళికూతురు అంది: "ఇంకో ముడున్నాది గదా. ఏసీమనండి."

ముందు పురోహితుడు నవ్వాడు. "నిజమే. మూడోముడి ముహూర్తంలోనే పడుతుంది. మూడూ అందులో పడ్డట్టే లెక్క" అని మంత్రం మొదటికి వెళ్ళాడు. ఈసారి ఆయన నోటితో సరేనన్నాకే కట్టాను. ఆ ఘడియలో మా ఆవిడ మీద నాకు పుట్టిన గౌరవం ఇవాళ్టికీ తరగలేదు.

భోజనాలయ్యాక బావ చేయి కడుక్కుంటుంటే పెదనాన్న వెనకాలే వెళ్ళాడు. నేను పక్కనే ఉన్నాను. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు: "ఆ డాక్టరమ్మ ఏ ఊర్లో ఉంటాది బాబూ?" బావ చెప్పాడు. ఎందుకని అడగలేదు.

ఇన్‌స్పెక్టరుగారు మటుకు ఏమీ అనకుండానే వెళ్ళిపోయారు. అనుకున్నట్టే కొద్ది రోజుల్లో రైల్వే ఆసుపత్రికి రమ్మని బావకి పిలుపు వచ్చింది. తోడుగా నేను వెళ్ళాను. దారి పొడుగునా ఆయన రైలు తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆసుపత్రి వరండాలో ఎన్నిసార్లు తిరిగాడో, అక్కడి ఆయా విసుక్కుంది కూడా.

డాక్టరుగారు ఓపికగా అన్నీ చూశారు. గుండె దివ్యంగా ఉందన్నారు. తరువాత కలం మూత పెట్టి, "అన్‌ఫిట్ అని నేను రాయను. రాయడానికేమీ లేదు. కానీ కావాలంటే చెప్పు, స్టేషనులో బల్ల దగ్గర కూర్చునే పని ఇప్పించమని రాస్తాను. సొరంగాల బాధ తప్పుతుంది" అన్నారు.

బావ ఆలోచించుకుంటానని మళ్ళీ వరండాలోకి వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఒప్పీసుకో బావా. అక్క కూడా అదే అన్నాది" అన్నాను.

ఆయన ఆ చివరికీ వెళ్ళాడు, ఈ చివరికీ వచ్చాడు.

"బల్ల దగ్గర కూకుంటే ఆ సుట్టపోడు బల్ల దగ్గరకి రాడేటి? సంతలోకి వచ్చినాడు, గుడిలోకి వచ్చినాడు, నీ పెళ్ళికి పిలవకుండా వచ్చినాడు. ఆడికి జడిసి నాను ఒక్కోటీ ఒదులుకుంటా పోతే సివరికి మంచం మిగులుతాది. దాని మీదకీ వస్తాడు" అన్నాడు. లోపలికి వెళ్ళి "లైనుకే పంపీండి బాబూ" అని చెప్పేశాడు. నాకు కోపం వచ్చింది. తిరిగివస్తూ దారిలో ఆయనతో మాట్లాడలేదు.

మళ్ళీ డ్యూటీ ఎక్కిన పొద్దున కొత్తవలస యార్డుకి నేనూ వెళ్ళాను, అక్క బలవంతం మీద. ఖాళీ వేగన్ల ఇటు కొస నుంచి చూస్తే అటు కొసన ఇంజను చిన్నదిగా కనిపిస్తోంది. డ్రైవరు ముందుగా ఇంతదూరం నడిచి వచ్చి బావతో మాట్లాడాడు. ఆ సంగతి అప్పటికే యార్డంతా తెలిసిపోయినట్టుంది. బావ దాచనూ లేదు. "ఈ పొద్దు గుండి దడగా ఉన్నాదిరోయ్" అన్నాడు, వాన పడేలా ఉందన్నంత మామూలుగా. "ఉంటే ఉండనీ బావా. నువ్వు జెండా సూపు, నాను లాక్కుపోతాను" అని డ్రైవరు భుజం తట్టి వెళ్ళిపోయాడు.

సిగ్నలు పడింది. బావ బ్రేకువేను మెట్టు మీద నిలబడి పచ్చజెండా విప్పాడు. జెండాకర్ర పట్టుకున్న చెయ్యి మణికట్టు దగ్గర్నుంచీ వణుకుతోంది. అప్పటిదాకా నాకిలాంటివి పైకి అనే అలవాటు లేదు. ఆ రోజు ఉండబట్టలేక అనేశాను.

"సెయ్యి వణుకుతన్నాది బావా!"

"వణకనీరా. జెండా ఊపవలసిందే గదేటి" అని చెయ్యెత్తాడు. అంత దూరాన ఉన్న డ్రైవరుకి అందులో వణుకెంతో ఊపెంతో ఏం తెలుస్తుంది. ఇంజను కూతవేసి కదిలింది.